కంపెనీ మన పేరు మీద, పెత్తనం ఎవరి చేతిలో?

(రైతు ఉత్పత్తిదారుల కంపెనీల పాలన, లెక్కల గురించి సంఘం మండల కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతి అంశం "కంపెనీ పాలన" అని కరపత్రంలో వేసినప్పుడు మనవాళ్లే కొందరు నవ్వారు. గిట్టుబాటు ధర కోసం రోడ్డెక్కేవాళ్లకు, యార్డులో తరుగు మీద కొట్లాడేవాళ్లకు బోర్డు మీటింగులతో, బ్యాలెన్స్ షీట్లతో పనేంటన్నారు. పొద్దున ఇదే హాల్లో చేతులెత్తమని అడిగాం. సగానికి పైగా ఏదో ఒక ఎఫ్‌పీవోలో వాటాదారులమన్నారు. మీ కంపెనీ పోయినేడు లాభంలో ఉందా, నష్టంలో ఉందా అంటే లేచిన చేతులు నాలుగు. షేరు సర్టిఫికెట్ కళ్లతో చూశామన్నవాళ్లు ఇంకా తక్కువ. కంపెనీకి యజమానులం మనమే, దాని సంగతులు మాత్రం మనకు తెలియవు. అందుకే ఈ అంశం పెట్టుకున్నాం.

ముందు పెద్ద కంపెనీలు ఎట్లా నడుస్తాయో చూద్దాం. వ్యూహం, వ్యవస్థ, పాలన అంటూ వాళ్లు పెద్ద పెద్ద పుస్తకాలు రాసుకుంటారు. మన పొలం గట్టు మీద నిలబడి చూస్తే అందులో సగం ఒక్క మాటలో తేలిపోతుంది. లాభమొచ్చే పని తమ దగ్గర ఉంచుకుంటారు, నష్టం రాగల పని ఇంకొకరి నెత్తిన పెడతారు. ఆ నష్టం మళ్లీ తమ గుమ్మం దాకా రాకుండా మధ్యలో అంచెలు కడతారు.

నడిగడ్డలో పత్తి విత్తనం పండించే రైతును, ములుగు వైపు మొక్కజొన్న విత్తనం వేసే రైతును అడగండి. పైన కంపెనీ, దాని కింద ఆర్గనైజర్, ఆయన కింద సబ్ ఆర్గనైజర్, అట్టడుగున రైతు. ఆడ, మగ మూల విత్తనం కంపెనీ ఇస్తుంది. పెట్టుబడి అప్పు ఆర్గనైజర్ ఇస్తాడు, వడ్డీ వేసుకుంటాడు. క్రాసింగు కూలీలు, నీళ్లు, మందులు, కాపలా రైతువి. విత్తనం చేతికొచ్చాక మొలక పరీక్ష, జన్యు శుద్ధి పరీక్ష కంపెనీ చేస్తుంది, ఫలితం కంపెనీయే చెబుతుంది. లాటు ఫెయిలంటే ఫెయిలే. రైతు కంపెనీ దగ్గరికి పోతే "మాకు మీతో ఒప్పందం లేదు, ఆర్గనైజర్‌తోనే ఉంది" అంటారు. ఆర్గనైజర్ దగ్గరికి పోతే "నేను మధ్యవాణ్ణి, పైనుంచి డబ్బు రాలేదు" అంటాడు. తిలా పాపం తలా పిడికెడు. ఆ పిడికిళ్లన్నీ చివరికి రైతు నెత్తినే పడతాయి. చాలాచోట్ల రైతు చేతిలో ఒప్పంద పత్రం ఉండదు, రైతు సంతకం పెట్టిన ఖాళీ నోటు మాత్రం ఆర్గనైజర్ దగ్గర ఉంటుంది.

దీన్ని మనం మోసం అంటాం. నిజానికి ఆ కంపెనీ నిర్మాణమే అది. ఎవరో ఒక చెడ్డ ఆర్గనైజర్ వల్ల వచ్చిన తంటా అయితే ఆయన్ను మారిస్తే సరిపోయేది. ఎంతమందిని మార్చినా రైతు గతి మారకపోతే, ఆ నిచ్చెనను కట్టిన తీరులోనే సంగతి ఉన్నట్టు.

బ్రాయిలర్ కోళ్లదీ ఇదే తంతు. పిల్ల, దాణా, మందు కంపెనీవి. షెడ్డు అప్పు, కరెంటు బిల్లు, చాకిరీ రైతువి. కోడి పెరిగేది మన షెడ్డులో, అయినా అది మనది కాదు. మనకొచ్చేది కిలోకు ఇంత అని పెంపకం కూలి.

2020లో కేంద్రం మూడు వ్యవసాయ చట్టాలు తెచ్చింది. ఢిల్లీ సరిహద్దుల్లో రైతాంగం ఏడాదికి పైగా కూర్చుని 2021 నవంబరులో వాటిని రద్దు చేయించింది. చట్టాలు పోయాయి, కంపెనీల అవసరం పోలేదు. సరుకు కావాలి, నాణ్యత కావాలి, ఒకేచోట కుప్పగా కావాలి. వెయ్యిమంది రైతులతో వెయ్యి ఒప్పందాలు రాసుకోవడం వాళ్లకు ఖర్చు. ఆ వెయ్యిమందినీ ఒక కంపెనీగా కట్టి ఇస్తే ఒక్క ఒప్పందంతో పని అయిపోతుంది. ఇక్కడే మన ఎఫ్‌పీవో వస్తుంది. సరిగా నడిపితే ఇది మన బేరమాడే చెయ్యి. మనం చూసుకోకపోతే విత్తన కంపెనీకి ఆర్గనైజర్ ఉన్నట్టు పెద్ద కంపెనీలకు ఎఫ్‌పీవో ఉంటుంది, అదీ మన షేరు డబ్బుతోనే. ఇవాళ మాట్లాడుకోవాల్సింది ఈ సంగతే.

చట్టంలో ఏముంది, ఊళ్లో ఏముంది

ఉత్పత్తిదారుల కంపెనీ అనేది 2002లో కంపెనీల చట్టానికి చేసిన సవరణతో వచ్చింది. ఆర్థికవేత్త వై.కె. అలఘ్ అధ్యక్షతన వేసిన కమిటీ సిఫారసులు దానికి మూలం. సహకార సంఘాల మీద ప్రభుత్వ రిజిస్ట్రార్ పెత్తనం, రాజకీయ జోక్యం భరించలేక, సహకార సూత్రాలను కంపెనీ రూపంలో పెట్టుకోవచ్చని ఆ మార్గం చూపారు. 2020లో దాన్ని 2013 కంపెనీల చట్టంలోకి మార్చారు. చట్టం చదివితే అందులో మనకు పనికొచ్చే ఆయుధాలు చాలా ఉన్నాయి. వాటిని వాడకపోవడమే చిక్కు.

మామూలు కంపెనీలో ఎన్ని షేర్లుంటే అన్ని ఓట్లు. మన కంపెనీలో పది షేర్లున్నా, వంద ఉన్నా ఒక మనిషికి ఒకటే ఓటు. షేర్లు స్టాక్ మార్కెట్‌లో అమ్మడానికి లేదు. డైరెక్టర్లు 5 నుంచి 15 మంది ఉండాలి. బోర్డు మూడు నెలలకు ఒకసారైనా కూర్చోవాలి. సభ్యులు కాని వ్యక్తిని పూర్తికాలం సీఈవోగా పెట్టుకోవాలి. మహాసభకు 14 రోజుల ముందు నోటీసు రావాలి. ఆ నోటీసుతోపాటు ఎజెండా, పోయినసారి మహాసభ మినిట్స్, డైరెక్టర్లుగా పోటీ చేసేవారి వివరాలు, ఆడిట్ అయిన జమాఖర్చులు రావాలి. మొత్తం సభ్యుల్లో నాలుగోవంతు వస్తేనే కోరం. డైరెక్టరుకు గానీ, ఆయన బంధువుకు గానీ కంపెనీ అప్పివ్వాలంటే మహాసభ ఆమోదించాలి. మూడోవంతు సభ్యులు విషయం రాసి సంతకాలు పెట్టి ఇస్తే బోర్డు ప్రత్యేక మహాసభ పిలిచి తీరాలి. 300 మంది కంపెనీలో 100 సంతకాలు. మండలంలో ధర్నాకు మనం పోగుచేసే జనంలో అది ఏపాటి?

ఇక ఊళ్లో జరిగేది. మన పక్క మండలంలో ఒక కంపెనీ ఉంది, పేరు ఎందుకు లెండి. సభ్యులు అడగమంటే మేం కొందరం కలిసి లెక్కలు చూడ్డానికి పోయాం. మహాసభ మినిట్స్‌లో హాజరు 212 అని రాశారు. ఎజెండా అంతా ఏకగ్రీవ ఆమోదం. ఖర్చుల ఫైలు తిరగేస్తుంటే అదే రోజుది టెంట్ హౌస్ బిల్లు కనబడింది. కుర్చీలు 60. మిగతా 152 మంది నిలబడి ఆమోదించారేమో. సంతకాల పుస్తకం అడిగితే, అది "హైదరాబాద్‌లో ఉంది" అన్నారు.

ఆ కంపెనీ చైర్మన్ మంచి రైతు, చెడ్డవాడు కాదు. నెమ్మదిగా కూర్చోబెట్టి అడిగితే అసలు సంగతి చెప్పాడు. కంపెనీ రిజిస్టర్ చేసినప్పుడు డైరెక్టర్లందరి పేరున డిజిటల్ సంతకాలు తీశారు. అవి పెన్‌డ్రైవ్ లాంటి వాటిలో ఉంటాయి. ఆ పెన్‌డ్రైవ్‌లు మొదటి రోజు నుంచీ కాగితాల పని చూసే సంస్థ బీరువాలోనే ఉన్నాయి. అవసరమైనప్పుడు ఫోను వస్తుంది, "ఓటీపీ చెప్పండి" అంటారు, ఈయన చెబుతాడు. దేని మీద సంతకం పడిందో ఈయనకు తెలియదు. బ్యాంకు నుంచి ఓటీపీ చెప్పమని ఫోనొస్తే ఇవాళ మన ఇంట్లో పిల్లలు కూడా మోసమని కట్ చేస్తారు. కంపెనీ ఓటీపీ మాత్రం నమ్మకంగా చెప్పేస్తున్నాం.

ఇది చిన్న విషయం కాదు. ఏటా వేయాల్సిన ఫారాలు గడువులోగా రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్‌కు చేరకపోతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయల చొప్పున అదనపు రుసుము పడుతుంది. రెండు ఫారాలు ఏడాది ఆలస్యమైతే 73 వేలు. వరసగా మూడేళ్లు లెక్కలు దాఖలు చేయకపోతే ఆ డైరెక్టర్లు అయిదేళ్లపాటు ఏ కంపెనీలోనూ డైరెక్టర్లుగా ఉండడానికి అనర్హులవుతారు. ఫారం వేయనిది బీరువా తాళం ఉన్నవాడు, అనర్హుడయ్యేది పొలంలో నారు పీకుతున్న డైరెక్టరు. సహకార సంఘంలో రిజిస్ట్రార్ అతిగా జోక్యం చేసుకుంటాడని కదా ఇటు వచ్చాం. ఇక్కడి రిజిస్ట్రార్ ఫారం వచ్చిందా లేదా అనే చూస్తాడు, ఊళ్లో కుర్చీలు లెక్కపెట్టడు. ఆ పని సభ్యులే చేసుకోవాలి.

డబ్బు లెక్క

2020 ఫిబ్రవరిలో కేంద్రం పదివేల ఎఫ్‌పీవోల పథకం ప్రకటించింది. మైదాన ప్రాంతంలో కనీసం 300 మంది రైతులుండాలి. నిర్వహణ ఖర్చుకు మూడేళ్లలో 18 లక్షల దాకా ఇస్తారు. రైతు వాటాధనానికి సమానంగా, మనిషికి 2,000 మించకుండా, కంపెనీకి 15 లక్షలు మించకుండా ప్రభుత్వం కలుపుతుంది. కంపెనీని నిలబెట్టి నడక నేర్పే సంస్థకు అయిదేళ్లలో ఒక్కో ఎఫ్‌పీవోకు 25 లక్షల దాకా కేటాయింపు. బిడ్డకు 18, నడక నేర్పేవాడికి 25. 2025 ఫిబ్రవరిలో పదివేలవ ఎఫ్‌పీవోను ప్రధాని ప్రారంభించారు. లెక్క పూర్తయింది. కానీ లోపల ఏముందో చూద్దాం.

సీఈవోకు నెలకు 25 వేలు, అకౌంటెంటుకు 10 వేలు దాకా ఈ పథకం నుంచి ఇవ్వొచ్చు. మూడేళ్లకు ఆ రెండు జీతాలే 12 లక్షల 60 వేలు. మిగిలిన 5 లక్షల 40 వేలలో అద్దె, ప్రయాణాలు, కరెంటు, కాగితాలు. నాలుగో ఏడాది ఈ డబ్బు రాదు. అప్పుడు చాలాచోట్ల సీఈవో ఇంకో ఉద్యోగం చూసుకుంటాడు. ఆయన్ను తప్పుపట్టి లాభం లేదు, ఆయనకూ ఇల్లుంది.

ఇప్పుడు వ్యాపారం. 300 మంది తలా 2,000 వేస్తే 6 లక్షలు, ప్రభుత్వం ఇంకో 6 లక్షలు, మొత్తం 12 లక్షలు. మిర్చి క్వింటా 12 వేలు అనుకుందాం. ఈ డబ్బుతో కొనగలిగేది 100 క్వింటాళ్లు. ఎకరానికి 20 క్వింటాళ్ల దిగుబడి వేసుకుంటే అయిదెకరాల పంట. 300 మంది రైతుల కంపెనీ తన సొంత డబ్బుతో అయిదెకరాల ఆసామి ఒక్కడి పంట మాత్రమే కొనగలదు. మిగతా 299 మంది ఎప్పటిలాగే కమీషన్ కొట్టుకు పోవాల్సిందే.

అందుకే మన కంపెనీలన్నీ దాదాపు ఒకే దారి పట్టాయి, ఎరువుల కొట్టు, విత్తనాల కొట్టు. డీలరు సరుకు అరువిస్తాడు, పెట్టుబడి తక్కువ, టర్నోవరు కాగితం మీద బాగా కనబడుతుంది. దీన్ని మేం పూర్తిగా కాదనం. బస్తాకు పది రూపాయలు తగ్గినా మంచిదే. కానీ ఆ పురుగుమందుల కంపెనీ వైపు నుంచి చూడండి. తన మందు అమ్మడానికి 300 మంది ఖాతాదారులతో సహా ఒక కొట్టు దొరికింది. జీతం ప్రభుత్వం ఇస్తోంది, అద్దె రైతులు కడుతున్నారు. సొమ్మొకడిది, సోకొకడిది. యార్డులో మిర్చి ధర కోసం పుట్టిన కంపెనీ చివరికి మందు డబ్బా అమ్మిపెట్టే కంపెనీ అయ్యింది. ఈ మలుపును ఏ మహాసభా నిర్ణయించలేదు, చేతిలో డబ్బు లేకపోవడం నిర్ణయించింది.

దీనికి చట్టంలోనే ఒక దారి ఉంది. సరుకు ఇచ్చిన రోజు సభ్యుడికి మొత్తం ధర ఇవ్వనక్కర్లేదు. కొంత ఇచ్చి, మిగతాది ఆపి, అమ్మకం అయ్యాక ఇవ్వొచ్చు. అప్పుడు 12 లక్షలతో నాలుగింతల సరుకు నడపొచ్చు. ఏడాది చివర మిగిలిన లాభాన్ని షేర్లను బట్టి కాకుండా, ఎవరు ఎంత సరుకు ఇచ్చారో దాన్ని బట్టి బోనసుగా పంచే వీలుంది. వినడానికి బాగుంది. కానీ సభ్యుడు ఆగగలగాలి. విత్తనం నాటికే కమీషన్ వ్యాపారి దగ్గర అప్పు చేసిన రైతు తన మిర్చిని కంపెనీకి ఎట్లా ఇస్తాడు? ఆ బస్తాల మీద ముందే ఇంకొకరి చెయ్యి పడింది.

ముల్కనూరు దగ్గర నేర్చుకోవాల్సింది ఇదే. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి మొదలుపెట్టిన ఆ సంఘం పేరు మనందరం విన్నదే. అక్కడికి పోయి రైస్ మిల్లు, జిన్నింగ్ మిల్లు, విత్తన ప్లాంటు చూసి ఫొటోలు దిగి వస్తాం. దాని పేరులోనే జవాబు ఉంది. అది ముందు గ్రామీణ బ్యాంకు, తర్వాత మార్కెటింగ్ సంఘం. పంటకు అప్పు అదే ఇస్తుంది, ఎరువు అదే ఇస్తుంది, పంట అదే కొంటుంది, అప్పు అందులోనే పట్టుకుంటుంది. రైతు మీద వ్యాపారి చెయ్యి పడే సందు మూసేసింది. ఇంకో సంగతి, అది రాష్ట్రమంతా పరుచుకోవాలని చూడలేదు. తన ఊళ్లలోనే ఉండిపోయింది. అధ్యక్షుడు తప్పు చేస్తే పొద్దున టీ కొట్టు దగ్గర నిలదీసే దూరంలో సభ్యులున్నారు. 2000 సంవత్సరంలో అక్కడే మహిళలు సొంతంగా పాల సంఘం పెట్టుకుని స్వకృషి పేరుతో నడుపుతున్నారు.

సహకార సంఘమైతే చాలు, అంతా బాగుంటుందని కూడా అనుకోవద్దు. ఆంధ్రలో 2013 తర్వాత ప్రాథమిక సహకార సంఘాలకు ఎన్నికల్లేవు, నామినేట్ చేసిన త్రిసభ్య కమిటీలతో నడుపుతున్నారు. తెలంగాణలో 2020 ఫిబ్రవరిలో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2025 ఫిబ్రవరిలో ముగిస్తే, ఎన్నికలు పెట్టకుండా పొడిగించారు. బోర్డు మీద ఏ పేరు రాసినా, ఓటు వేసి దించే రోజు రాకపోతే సభ్యుడి మాటకు విలువుండదు.

పెద్దవాళ్లుంటే పాలన బాగుంటుందా?

బోర్డులో చదువుకున్నవాళ్లు, నిపుణులు ఉంటే ఈ ఇబ్బందులుండవని కొందరి నమ్మకం. సత్యం కంప్యూటర్స్ మన హైదరాబాద్ కంపెనీయే. దాని బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసరు ఉన్నారు, పెద్ద బిజినెస్ స్కూల్ డీన్ ఉన్నారు. ఆడిట్ చేసింది ప్రపంచమంతా పేరున్న సంస్థ. 2008లో ఉత్తమ పాలనకని ఒక అవార్డు కూడా వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 16న, చైర్మన్ కుమారులు నడిపే రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనడానికి ఆ బోర్డు ఒప్పుకుంది. మేటాస్ అంటే ఇంగ్లీషులో సత్యం పేరు తిరగేసి రాయడమే, దాచిపెట్టిందేమీ లేదు. వాటాదారులు గోలపెడితే కొన్ని గంటల్లోనే వెనక్కి తగ్గారు. 2009 జనవరి 7న చైర్మన్ రామలింగరాజు తానే ఉత్తరం రాశారు. పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు నిల్వలో 5,040 కోట్లు అసలు లేవని ఒప్పుకున్నారు. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు 10 మందిని దోషులుగా తేల్చింది.

మన 12 లక్షల కంపెనీకి, దానికి పోలికేంటని అనొద్దు. అక్కడ జరిగింది ఒక్కటే, బ్యాంకులో నిజంగా డబ్బు ఉందా అని గట్టిగా అడిగినవాడు లేడు. ఆ ప్రశ్నకు హార్వర్డ్ చదువు అక్కర్లేదు. మన ఊళ్లో పొదుపు సంఘం అక్కలు రోజూ అదే చేస్తున్నారు. గుండ్రంగా కూర్చుంటారు, పుస్తకం పైకి చదువుతారు, ఎవరు ఎంత కట్టారు, ఎవరికి ఎంత అప్పు వెళ్లింది, బ్యాంకులో ఎంత ఉందో అందరి ముందూ చెప్పిస్తారు. రాయడం రానివాళ్లకు కూడా లెక్క నోటికొచ్చు. ఆ అక్కలనే తెచ్చి ఎఫ్‌పీవో బోర్డులో పేరుకు కూర్చోబెట్టి, మీటింగులో టీలు పోయిస్తున్న చోట్లున్నాయి. పుస్తకం చదివే పని వాళ్లకివ్వండి.

లెక్క బయటపడితే ఏమవుతుందో ఆయిల్‌పామ్ రైతులు చూశారు. 1993 చట్టం ప్రకారం ప్రాంతాన్ని ఫ్యాక్టరీ జోన్లుగా పంచారు. మీ జోను ఫ్యాక్టరీకే గెలలు వేయాలి, ఇంకోచోట అమ్ముకోవడానికి లేదు. గెల ధర అందులోంచి వచ్చే నూనె శాతం మీద ఆధారపడుతుంది. ఆ శాతం ఎంతో చెప్పేది ఫ్యాక్టరీ. ప్రైవేటు ఫ్యాక్టరీ తన శాతం ఇంతే అంటే రైతు కాదనడానికి ఆధారం ఏది? అశ్వారావుపేటలో ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీ ఉంది, అది సహకార సమాఖ్యది. అక్కడ వచ్చిన నూనె శాతం ఎక్కువగా తేలడంతో, అదే చెట్టు, అదే నేల, రోడ్డుకు అవతల శాతం ఎందుకు తగ్గుతుందని గోదావరి జిల్లాల రైతులు అడిగారు. తెలంగాణ ధర మాకూ ఇవ్వాలని ఏళ్లతరబడి ఉద్యమం చేశారు, ధర కదిలించారు. ఆయిల్‌ఫెడ్ మీద మనకు ఫిర్యాదుల్లేవని కాదు, చాలా ఉన్నాయి. అయినా వంద ఫ్యాక్టరీల్లో ఒక్కదాని లెక్క రైతు కంటికి కనబడినా, మిగతావి చెప్పే మాటను పట్టుకోవడానికి ఆధారం దొరుకుతుంది. మన ఎఫ్‌పీవో ఏడాదికి ఒక్క లారీ మిర్చి నేరుగా అమ్మి, దాని ఖర్చు, ధర, తరుగు అన్నీ ఊరి బోర్డు మీద రాసినా యార్డులో వ్యాపారికి ఆ లెక్క అడ్డం వస్తుంది.

ఖమ్మం యార్డులో జెండా పాట మనకు తెలిసిందే. పొద్దున్నే ఒక మంచి లాటుకు పెద్ద ధర పాడతారు, పేపర్లో అదే వస్తుంది. మన బస్తా దగ్గరికొచ్చేసరికి ధర వేరు. వార్షిక నివేదికలో టర్నోవరు కూడా జెండా పాట లాంటిదే. "కోటి రూపాయల వ్యాపారం చేశాం" అని చదివితే చప్పట్లు కొట్టకండి. అందులో ఎరువులెంత, మన పంట ఎంత, సభ్యుడికి యార్డు ధర కన్నా క్వింటాకు ఎంత ఎక్కువ ముట్టింది, ఇది అడగండి.

కౌలు రైతు మాట కూడా చెప్పాలి. చట్టంలో ఉత్పత్తిదారు అంటే పంట పండించే పని చేసేవాడు, పట్టా ఉన్నవాడని లేదు. కానీ సభ్యత్వం ఇచ్చేటప్పుడు చాలాచోట్ల పట్టాదారు పాసుపుస్తకం జిరాక్స్ అడుగుతున్నారు. దాంతో హైదరాబాద్‌లో ఉండే భూమి యజమాని వాటాదారు అవుతున్నాడు, మిర్చి కోసి ఆరబోసే కౌలు రైతు బయట నిలబడుతున్నాడు. పాసుపుస్తకం ఆడవాళ్ల పేరున లేని ఇళ్లలో వాళ్లదీ ఇదే గతి. పండించేవాళ్లు లేని మహాసభలో పంట ధర గురించి చర్చ రాదు. మన నాయకుల్లోనూ కొందరు "కౌలుదారు ఇవాళ ఉంటాడు, రేపు పోతాడు" అంటున్నారు. పోయేవాడైతే షేరు తిరిగి ఇచ్చి పోతాడు, దానికి నియమాలున్నాయి. ఈ వాదన భూస్వామి నోటి నుంచి వస్తే అర్థం చేసుకుంటాం, సంఘం కార్యకర్త నోటి నుంచి రాకూడదు.

ఇప్పుడు చేయాల్సిన పనులు. రాబోయే రెండు మూడు నెలల్లో మన కంపెనీల వార్షిక మహాసభలు జరుగుతాయి. మండల కమిటీలు తమ పరిధిలోని ఎఫ్‌పీవోల జాబితా, వాటిలో మన సభ్యుల పేర్లు ఈ నెలాఖరుకు రాసి పంపాలి. సభ్యుడైన ప్రతివాడూ షేరు సర్టిఫికెట్, కంపెనీ నియమావళి ప్రతి అడిగి తీసుకోవాలి. డైరెక్టర్లుగా ఉన్న మనవాళ్లు డిజిటల్ సంతకం పెన్‌డ్రైవ్ తెచ్చుకుని తమ దగ్గర పెట్టుకోవాలి. ఏ ఫారమో చదివి వినిపించనిదే ఓటీపీ చెప్పకూడదు. మహాసభలో జమాఖర్చులు తెలుగులో పైకి చదవమనండి. బ్యాంకు పాసుబుక్కు బల్ల మీద పెట్టించండి. హాజరు పుస్తకంలో ఆఖరి పేరు కింద గీత కొట్టించి, మొత్తం ఎంతమందో అక్కడే అంకె వేయించండి.

సీఈవోను శత్రువులా చూడొద్దు. చాలామంది చిన్న జీతాలకు పనిచేసే మన పిల్లలే. వాళ్లకు బోర్డు నుంచి స్పష్టమైన మాట కావాలి, ఈ ఏడాది ఏ పంట, ఎన్ని క్వింటాళ్లు, ఎవరికి, ఎంత లోపు అప్పు. ఆ మాట మన బోర్డు చెప్పకపోతే ఎరువుల డీలరు చెబుతాడు, ఆయనకు ఆ విషయంలో తడబాటు ఉండదు.

నోటీసు 14 రోజుల ముందు అందకపోతే వెంటనే మండల కార్యదర్శికి చెప్పండి. ప్రత్యేక మహాసభ కోరే అర్జీ నమూనా తెలుగులో రాసి ఉంచాం, బయట పుస్తకాల బల్ల దగ్గర దొరుకుతుంది. అందులో మూడోవంతు సంతకాలకు సరిపడా గళ్లు గీశాం. తక్కువైతే ఇంకో కాగితం జతచేయండి, ప్రతి సంతకం పక్కన షేరు నంబరు రాయించడం మరవొద్దు. భోజనాల తర్వాత రెండు ఎఫ్‌పీవోల అసలు బ్యాలెన్స్ షీట్లు, పేర్లు కొట్టేసి, జట్లుగా కూర్చుని చదువుదాం. కళ్లద్దాలు కావాల్సినవాళ్లు తెచ్చుకోండి, అంకెలు చిన్నగా ఉన్నాయి.